కారులో సబ్‌వూఫర్ ఎక్కడ పెట్టాలి, ఎటు తిప్పాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం షాపుల్లో సబ్‌వూఫర్ (లోతైన బేస్ కోసం బాక్సులో పెట్టే పెద్ద స్పీకరు) బిగించుకున్న వాళ్లలో చాలామంది నెల తిరగకముందే అడిగే మాట ఒకటుంది: "ఇంకా పెద్ద ఆంప్లిఫయర్ వేస్తే బేస్ పెరుగుతుందా?" పెరుగుతుంది, జేబు కూడా అంతే తేలికవుతుంది. ఆ పని చేసే ముందు డిక్కీలో ఉన్న బాక్సును అటూ ఇటూ తిప్పి వినడానికి పైసా ఖర్చు కాదు. కింది జవాబుల్లో ఎక్కువ భాగం ఆ తిప్పడం గురించే. డెల్టా ఉక్కపోత, ఉప్పుగాలి, గతుకుల గట్టు రోడ్లు కూడా మధ్యలో వస్తాయి. ఇక్కడ బాక్సు ఎన్నాళ్లు బతుకుతుందో తేల్చేవి అవే.

బేస్‌కు దిశ ఉండదంటారు కదా, మరి బాక్సు ఎటు తిరిగి ఉంటే ఏమిటి?

ఆ మాట సగం నిజం. మన వైపు వేసవి వేడికి గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లు పోతుంది. అంటే 50 హెర్ట్జ్ (సెకనుకు 50 కంపనాలు) స్వరానికి తరంగం పొడవు 7 మీటర్లు, 35 హెర్ట్జ్‌కు 10 మీటర్లు. మీ డిక్కీలో ఉన్న 12 అంగుళాల కోను (స్పీకరులో ముందుకూ వెనక్కూ కదిలే గిన్నె లాంటి భాగం) వెడల్పు 30 సెంటీమీటర్లు. అంత పొడవైన తరంగాన్ని ఒక వైపే గురిపెట్టి పంపడం ఇంత చిన్న కోను వల్ల అయ్యే పని కాదు. శబ్దం బాక్సు చుట్టూ అన్ని వైపులకూ ఇంచుమించు సమానంగా పరుచుకుంటుంది. పైగా 80 హెర్ట్జ్ కన్నా కింది స్వరం ఎటునుంచి వస్తోందో మన చెవి సరిగా పోల్చుకోలేదు. కోనును డ్రైవరు వీపు వైపు తిప్పితే బేస్ సూటిగా వచ్చి తగులుతుందన్న నమ్మకం అందుకే నిలవదు.

మిగతా సగం గోడల వ్యవహారం. పడవ లేపిన అల కాలువ గట్టుకు కొట్టుకుని వెనక్కి మళ్లి, ఎదురొచ్చే అలతో కలిసినప్పుడు ఒకచోట నీళ్లు ఎత్తుగా లేస్తాయి, ఇంకోచోట చదునుగా ఉండిపోతాయి. డిక్కీలో గాలికీ అదే జరుగుతుంది. కోనుకూ డిక్కీ తలుపుకూ మధ్య 90 సెంటీమీటర్లు ఉందనుకోండి. వెనక్కి వెళ్లి తలుపుకు తగిలి తిరిగొచ్చిన శబ్దం, నేరుగా ముందుకు వెళ్లిన శబ్దం కన్నా 1.8 మీటర్లు ఎక్కువ ప్రయాణించింది. 3.6 మీటర్ల తరంగానికి అది సరిగ్గా సగం పొడవు. కాబట్టి 97 హెర్ట్జ్ చుట్టుపక్కల ఆ రెండు శబ్దాలూ ఒకదాన్నొకటి తినేస్తాయి. డోరు స్పీకర్ల నుంచి సబ్‌వూఫర్ పాట అందుకోవలసిన ప్రాంతానికి ఆ గుంట బాగా దగ్గర. అదే కోను తలుపుకు 25 సెంటీమీటర్ల దూరంలో ఉంటే గుంట 350 హెర్ట్జ్ దగ్గరికి వెళ్లిపోతుంది. సబ్‌వూఫర్ అంత పైకి పాడదు గనుక దానితో మనకు నష్టం లేదు.

బాక్సును తిప్పినప్పుడు నిజంగా మారేది కోనుకూ చుట్టూ ఉన్న గోడలకూ మధ్య దూరం. ఈ ఒక్క విషయం మనసులో ఉంచుకుంటే మిగతా ప్రశ్నల్లో చాలావాటికి జవాబు మీరే చెప్పుకోగలరు.

స్విఫ్ట్, ఐ20, బాలెనో లాంటి హ్యాచ్‌బ్యాక్‌లో ఎలా పెట్టాలి?

కోను వెనక్కి, అంటే డిక్కీ తలుపు వైపు చూసేలా పెట్టి మొదలుపెట్టండి. కోనుకూ మూసిన తలుపు లోపలి ప్లాస్టిక్‌కూ మధ్య కనీసం బెత్తెడు ఖాళీ ఉండాలి. గట్టిగా మోగేటప్పుడు కోను బయటికి పొడుచుకు వస్తుంది. దానికి అడ్డు తగలకూడదు. తలుపు నెమ్మదిగా దించి, తాళం నాలుక బాక్సుకు తగలడం లేదని చూసుకున్నాకే మూయండి. కొత్త బాక్సుల మీద పడే మొదటి గీత దాదాపు ఎప్పుడూ అక్కడిదే.

తర్వాత బాక్సును ఒక మూలకు, అంటే కుడి లేదా ఎడమ చక్రం పైభాగం వైపు జరిపి వినండి. గోడలు ఎంత దగ్గరైతే అడుగు స్వరాలకు అంత ఊతం దొరుకుతుంది. చిన్న కారులో నడిమధ్యకూ మూలకూ తేడా తక్కువగానే ఉంటుంది కానీ వినిపించకుండా పోదు. చివరగా కోను పైకి చూసేలా ఒకసారి, సీటు వైపు చూసేలా ఒకసారి. ప్రతిసారీ అదే పాట, అదే వాల్యూమ్, అద్దాలన్నీ మూసి, డిక్కీ తలుపు మూసి వినాలి. డిక్కీ తెరిచిపెట్టి పక్కన నిలబడి విని "అదిరింది" అనుకునే వాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. వాళ్లు విన్నది ఆ షాపు ముందున్న వీధిని. డ్రైవరు సీట్లో కూర్చున్నాక దొరికేది వేరే శబ్దం.

పాట ఎంచుకునేటప్పుడు బేస్ గిటారు, డోలు రెండూ ఉన్నది చూసుకోండి. బేస్ గిటారులో అన్నిటికన్నా మందమైన తీగ 41 హెర్ట్జ్ పలుకుతుంది. ఆ తీగ మీద నడిచే వరసలో ఒక స్వరం పెద్దగా, పక్క స్వరం పీలగా వినిపిస్తే బాక్సు ఉన్న చోటు బాగాలేదని అర్థం. అన్నీ ఒకే నిండుదనంతో వచ్చే చోటే మీకు కావలసింది, మొత్తం మీద శబ్దం కాస్త తగ్గినట్టు అనిపించినా సరే.

సెడాన్‌లో డిక్కీ మోత బయటికే వినిపిస్తోంది, లోపలికి రావడం లేదు. ఎందుకు?

సెడాన్‌లో డిక్కీ, కూర్చునే గది రెండూ వేర్వేరు గదులు. వాటి మధ్య వెనక సీటు స్పాంజి, దాని వెనక ఇనుప రేకు, పైన వెనక అద్దం కింది అర ఉంటాయి. చాలా చిన్న సెడాన్లలో సీటు మడవడానికే రాదు. బేస్ లోపలికి రావాలంటే సీటు సందులు, అరలో ఉన్న స్పీకరు రంధ్రాలు, చేతిమద్దతు (ఆర్మ్‌రెస్ట్) వెనక ఉండే చిన్న తలుపు, ఇవే దారులు. ఏ దారీ లేకపోతే శక్తంతా డిక్కీ మూతను ఊపడానికే ఖర్చవుతుంది. రోడ్డు పక్కన నిలబడ్డవాడికి దడదడ, మీకు మాత్రం గొణుగుడు.

ముందు చేయాల్సిన పరీక్ష ఇది. సీటు మడిచే వీలుంటే మడిచి, లేకపోతే చేతిమద్దతు వెనక తలుపు తెరిచి అదే పాట వినండి. బేస్ ఒక్కసారిగా లోపలికి వస్తే మీ సమస్య దారిదే, ఆంప్లిఫయర్‌ను అనుమానించకండి.

దీనికి పనికొచ్చే ఏర్పాట్లు రెండు. ఒకటి, బాక్సును సీటుకు వీలైనంత దూరంగా, డిక్కీ చివరన, కోను వెనక లైట్ల వైపు చూసేలా పెట్టడం. డిక్కీ మొత్తం ఒకే పీడనంతో నిండి, ఉన్న సందుల గుండా బేస్ లోపలికి నెట్టుకొస్తుంది. సులువైన పని, చాలా కార్లలో సరిపోతుంది. రెండోది, కోనును సీటు వెనక ఉన్న రంధ్రానికి ఆనించి, చుట్టూ స్పాంజి పట్టీ లేదా చెక్క చట్రంతో గాలి పోకుండా మూసేయడం. అప్పుడు కోను ముందు భాగం ఊదేదంతా నేరుగా కూర్చునే గదిలోకే వస్తుంది. ఫలితం మొదటి పద్ధతి కన్నా శుభ్రంగా ఉంటుంది, కానీ మూత నిజంగా బిగుతుగా ఉండాలి. సగం మూసి సగం వదిలేస్తే ముందుకు వెళ్లిన గాలిలో కొంత డిక్కీలోకే తిరిగివచ్చి, అక్కడి నుంచి ఆలస్యంగా లోపలికి చేరి మొదటిదాన్ని తగ్గిస్తుంది. సీటుకు కొద్దిగా ఎడంగా, ముందుకు తిరిగి, చుట్టూ ఖాళీ వదిలిన బాక్సు సెడాన్‌లో అన్నిటికన్నా నాసి ఏర్పాటు. దురదృష్టం ఏమిటంటే డిక్కీలో చూడటానికి అందంగా కనిపించేది కూడా అదే.

ఎర్టిగా, ఇన్నోవా లాంటి మూడు వరుసల బండ్లలో?

మూడో వరుస ఎత్తి ఉంటే వెనక మిగిలేది జానెడు చోటు. అక్కడ పలుచటి బాక్సు పైకి చూసేలా పడుకోబెట్టవచ్చు, లేదా పక్క గోడలో ఇమిడేలా ఫైబర్‌తో అచ్చు పోయించుకోవచ్చు. మూడో వరుస మడిచి వాడేవాళ్లకు డిక్కీ పొడవు పెరుగుతుంది, దానితోపాటు మొదటి జవాబులో చెప్పిన 90 సెంటీమీటర్ల చిక్కు కూడా వస్తుంది. బాక్సును సీట్లకు ఆనించి ముందుకు తిప్పకండి. తలుపు దగ్గరికి లాగి వెనక్కి తిప్పండి.

ఈ బండ్లలో డిక్కీకి, మనుషులకు మధ్య అడ్డేమీ ఉండదు. గట్టిగా బ్రేకు వేస్తే పాతిక కిలోల బాక్సు నేరుగా మూడో వరుసలోని పిల్లల మీదికి వస్తుంది. బెల్టుతో గానీ, నేలలో ఉండే కొక్కేలకు కట్టి గానీ బిగించకుండా ఒక్క మైలు కూడా నడపవద్దు. ధ్వని గురించి వాదించుకోవచ్చు, దీని గురించి వాదన లేదు.

కోను పైకి చూస్తే మంచిదా, కిందికి చూస్తే మంచిదా?

పైకి చూసే కోను హ్యాచ్‌బ్యాక్‌లో వెనక్కి చూసే కోనుకు దాదాపు సమానంగా పాడుతుంది. దాని శత్రువు సామాను. కొబ్బరికాయల బస్తా ఒక్కటి దాని మీద పడితే కోను చిరుగుతుంది, కాబట్టి ఇనుప జాలీ తప్పనిసరి. పైన పార్సిల్ ట్రే ఉంటే అది మోగుతుంది. కొందరు ట్రే తీసి ఇంట్లో పడేస్తారు.

కిందికి చూసే కోనుకు నేలకూ మధ్య కాళ్లు పెట్టి సందు ఇవ్వాలి. సామాను భయం ఉండదు. కాకపోతే బరువైన కోను ఏళ్ల తరబడి కిందికి వేలాడితే దాని అంచు కొంచెం సాగి కూర్చుంటుంది. 

పోర్టు ఉన్న బాక్సుకు వేరే నియమం ఉందా?

ఉంది. పోర్టు అంటే బాక్సులోంచి గాలి ఆడే గొట్టం. కోనుతో పాటు దాని నోటికీ ఊపిరి ఆడాలి. పోర్టు వ్యాసం ఎంతో కనీసం అంత దూరం ఏ గోడా, ఏ సంచీ దానికి అడ్డు ఉండకూడదు. నోరు మూసుకుపోతే బాక్సు ట్యూనింగ్ (పోర్టు అన్నిటికన్నా బలంగా పలికే స్వరం) మారిపోతుంది, గాలి బుసబుసమని చప్పుడు చేస్తుంది. బట్టల బ్యాగు పోర్టుకు ఆనించి పెట్టి బేస్ తగ్గిందని ఫిర్యాదు చేసేవాళ్లు ప్రతి పండగకూ ఉంటారు.

పోర్టు బాక్సు తన ట్యూనింగ్ స్వరం కన్నా కిందికి వెళ్లగానే ఆక్టేవుకు (హెర్ట్జ్ అంకె సగానికి దిగినప్పుడల్లా) 24 డెసిబెల్స్ (శబ్దం బలానికి కొలత) చొప్పున పడిపోతుంది, కోను కూడా పట్టు తప్పి ఊగుతుంది. ఆంప్లిఫయర్‌లో సబ్‌సోనిక్ ఫిల్టరు (మరీ కింది స్వరాలను ఆపేది) ఉంటే ట్యూనింగ్ కన్నా కొంచెం కింద పెట్టండి.

అదే బాక్సు కారులో అంత బేస్ ఇచ్చి ఇంటి హాల్లో తేలిపోతుంది. ఎందుకు?

కారు లోపలి పొడవు రెండున్నర, మూడు మీటర్ల మధ్య ఉంటుంది. తరంగంలో సగం ఆ పొడవు కన్నా ఎక్కువైనప్పుడు, అంటే సుమారు 65 హెర్ట్జ్ నుంచి కిందికి, కారులో అల నడవడానికి చోటే ఉండదు. కోను ముందుకు వస్తే మొత్తం గదిలో గాలి ఒత్తుకుంటుంది, వెనక్కి వెళితే పలచబడుతుంది. అలా ఒత్తుకోవడం వల్ల స్వరం కిందికి దిగేకొద్దీ ఊతం పెరుగుతుంది. లెక్క ప్రకారం అది ఆక్టేవుకు 12 డెసిబెల్స్. రేకులు, అద్దాలు కొంత వంగుతాయి, సందుల్లోంచి గాలి పోతుంది కాబట్టి నిజంగా దక్కేది అంతకన్నా తక్కువ. మూసిన బాక్సు తనంతట తాను ఆక్టేవుకు 12 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది. కారు ఇచ్చే ఊతం ఆ పతనాన్ని చాలావరకు పూడుస్తుంది. చిన్న మూసిన బాక్సు కారులో అంత లోతుగా పలకడం వెనక రహస్యం ఇదే. హాలు పొడవు ఏడు మీటర్లు అయితే ఈ ఊతం 25 హెర్ట్జ్ దాకా మొదలే కాదు.

అద్దం దించితే ఈ ఒత్తిడి బయటికి పోతుంది. నరసాపురం దగ్గర సఖినేటిపల్లి వైపు దాటే పంటు (బండ్లను నది దాటించే పడవ) మీద అద్దాలన్నీ దించి గాలి పీల్చుకుంటూ పాట పెడితే లోతైన బేస్ మాయమైనట్టు ఉంటుంది. ఏదీ పాడవలేదు, అవతలి రేవులో అద్దాలు ఎత్తగానే తిరిగొస్తుంది.

వెనక సీట్లో కూర్చుంటే దద్దరిల్లుతోంది, డ్రైవరు సీట్లో పలచగా ఉంది. ఏం చేయాలి?

సుమారు 65 హెర్ట్జ్‌కు పైన కారులో నిలిచిపోయే అలలు మొదలవుతాయి. ఒక సీటు దగ్గర పొంగు, ఇంకో సీటు దగ్గర గుంట. బాక్సు జరిపితే కొంత మారుతుంది, కానీ అన్ని సీట్లకూ ఒకేలా వినిపించే చోటు అంటూ ఉండదు. నడిపేవాడి సీటుకు సరిచేయాలా, వెనక కూర్చునే ఇంటివాళ్లకా అన్నది ముందే తేల్చుకోండి.

డ్రైవరు సీట్లో పలచదనానికి రెండో కారణం సమయం. మీ కుడి డోరు స్పీకరు మీకు ఒక మీటరు దూరంలో ఉంటే, డిక్కీలోని కోను రెండు మీటర్లకు పైనే ఉంటుంది. తేడా 1.2 మీటర్లు అనుకుంటే సబ్‌వూఫర్ శబ్దం దాదాపు మూడున్నర మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. 80 హెర్ట్జ్ స్వరం ఒక చుట్టు తిరగడానికి పట్టేది 12.5 మిల్లీసెకన్లు. అంటే పావు చుట్టుకు పైగా వెనకబడినట్టు. రెండూ కలవాల్సిన చోట కలవవు. స్టీరియోలో టైమ్ అలైన్‌మెంట్ ఉంటే ఆలస్యాన్ని డోరు స్పీకర్లకు ఇవ్వాలి, సబ్‌వూఫర్‌కు కాదు. దగ్గరున్నవాడు ఆగితేనే దూరంగా ఉన్నవాడు కలుస్తాడు.

ఫేజ్ స్విచ్ 0 మీద ఉండాలా, 180 మీద ఉండాలా?

సబ్‌వూఫర్ కోను డోరు స్పీకర్లతో పాటే కదలాలా, వాటికి ఎదురుగా కదలాలా అని మార్చే స్విచ్ ఇది. ఏది ఎక్కువ బేస్ ఇస్తే అది. పుస్తకం చూసి చెప్పగలిగేది కాదు. ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు డ్రైవరు సీట్లో తలుపులు మూసుకుని కూర్చోవాలి, ఇంకొకరి చేయి డిక్కీలో స్విచ్ మీద ఉండాలి. ఆంప్లిఫయర్‌తో పాటు వచ్చే రిమోట్ మీద ఆ మీట ఉంటే ఇంకా మంచిది, డిక్కీ మూసే వినవచ్చు. 80 హెర్ట్జ్ టోను పెట్టి, డోరు స్పీకర్లు కూడా మోగుతుండగా స్విచ్ మార్చండి. ఒక స్థానంలో స్వరం నిండుగా, డ్యాష్‌బోర్డు వైపు నుంచి వస్తున్నట్టు ఉంటుంది. రెండో దానిలో సన్నబడి, వీపు వెనక ఎక్కడో ఉన్నట్టు అనిపిస్తుంది. మొదటిదాన్నే ఉంచండి.

బాక్సును తిప్పిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చేయాలి. కోను జాగా మారింది, లెక్క కూడా మారింది. "వెనక్కి తిప్పాను, ఏమీ బాగుపడలేదు" అనే వాళ్లలో చాలామంది ఈ స్విచ్ ముట్టుకోకుండానే తీర్పు చెప్పినవాళ్లు.

క్రాస్ఓవర్, గెయిన్, బేస్ బూస్ట్ ఎంతలో ఉంచాలి?

క్రాస్ఓవర్ అంటే స్వరాలను స్పీకర్లకు పంచేది. సబ్‌వూఫర్ లోపాస్ (కింది స్వరాలనే పోనిచ్చేది) 80 హెర్ట్జ్, డోరు స్పీకర్ల హైపాస్ (పైస్వరాలనే పోనిచ్చేది) కూడా 80 హెర్ట్జ్. అక్కడి నుంచి చెవికి నచ్చినట్టు కొద్దిగా జరుపుకోండి. లోపాస్ 120 దాకా ఎత్తితే మగగొంతులు డిక్కీలోంచి వచ్చినట్టుంటాయి. గెయిన్ అంటే వాల్యూమ్ కాదు, స్టీరియో పంపే సంకేతానికి ఆంప్లిఫయర్‌ను సరిపోల్చే మీట. శబ్దం చీలే చోటికి ముందే ఆపాలి. బేస్ బూస్ట్ సున్నా.

ఎక్కడో గరగరమంటోంది. సబ్‌వూఫర్ పాడైందా?

పదిలో తొమ్మిదిసార్లు కోను నిక్షేపంగా ఉంటుంది, మోగేది కారు. వెతికే పద్ధతి చెబుతాను. ఫోనులో టోను జనరేటర్ యాప్ పెట్టుకుని 30 హెర్ట్జ్ నుంచి 80 దాకా నెమ్మదిగా ఎక్కించండి. గరగర ఏ అంకె దగ్గర మొదలైందో అక్కడ ఆపి, టోను మోగుతుండగానే బయటికి దిగి వెనక నంబరు ప్లేటు మీద అరచేయి ఆనించండి. ఆగిపోయిందా, దొంగ దొరికాడు. ప్లేటు వెనక రెండు స్పాంజి ముక్కలు అంటించి మరలు బిగిస్తే చాలు. ఆగకపోతే డిక్కీ తలుపు ప్లాస్టిక్ మధ్యలో నొక్కండి, తర్వాత వెనక వైపరు, తర్వాత పైన బ్రేకు లైటు కవరు.

చివరగా నేల చాప ఎత్తి స్టెప్నీ గుంత చూడండి. జాకీ, రాడ్డు, పానా అక్కడే ఉంటాయి. పాలకొల్లు నుంచి వచ్చిన ఒక ఎర్టిగా 45 హెర్ట్జ్ దగ్గర టకటకమని కొట్టేది. వెనక చాప, పలక అన్నీ తీస్తే అడుగున సందులో ఎండు కొబ్బరికాయ ఒకటి దొరికింది. తోట నుంచి బస్తాలు తెచ్చినప్పుడు జారిపోయి ఉంటుంది. అప్పటికే వాళ్లు కొత్త స్పీకరు ధర అడిగేశారు.

రేకే మోగుతుంటే లోపలి వైపు బ్యూటైల్ షీట్లు (రేకు అదురును ఆపే రబ్బరు లాంటి పలకలు) అంటించాలి. డిక్కీ తలుపు రేకు, నంబరు ప్లేటు వెనక భాగం, వెనక చక్రాల గూళ్లు, ఈ వరసలో వెళ్లండి. కారంతా కప్పాల్సిన పని లేదు. రేకు ఊగడం తగ్గితే గరగర పోవడమే కాదు, లోపలి ఒత్తిడి కూడా నిలుస్తుంది.

మన వైపు తేమ, ఉప్పుగాలి, వరద నీళ్లకు బాక్సు తట్టుకుంటుందా?

ఏ చెక్కతో చేశారన్నదే మొదటి ప్రశ్న. బజారులో దొరికే బాక్సుల్లో ఎక్కువ ఎండీఎఫ్‌వి (చెక్క పీచును జిగురుతో ఒత్తి చేసిన పలక). ధ్వనికి మంచి చెక్క, నీళ్లకు చేతకాని చెక్క. ఒక అంచు తడిసి ఉబ్బితే అతుకు విచ్చుకుని గాలి కారుతుంది, బేస్ వదులవుతుంది. కోనసీమ లంకల్లో, తీరం వెంట తిరిగే బండ్లకు మెరైన్ ప్లైవుడ్‌తో చేయించుకుంటే కాస్త ఎక్కువైనా నిలుస్తుంది. ఎండీఎఫ్ బాక్సే ఉంటే అడుగున రబ్బరు దిమ్మలు వేసి చాప మీది నుంచి రెండు సెంటీమీటర్లు ఎత్తండి. లోపలి అంచులకూ, స్పీకరు కోసిన గుండ్రటి అంచుకూ వార్నిష్ పట్టించండి. కోను కాగితానిదైతే తేమ పట్టని పూత ఉన్నది, లేదా పాలిప్రొపిలీన్‌ది చూసుకోండి.

చెరువుల మీద తిరిగేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట: రొయ్యల ఐసు పెట్టె, సబ్‌వూఫర్ ఒకే డిక్కీలో ఉండకూడదు. కరిగిన ఉప్పునీరు చాప కిందికి దిగి ముందుగా కొరికేది ఎర్తింగు బోల్టును (ఆంప్లిఫయర్ మైనస్ వైరును కారు రేకుకు కలిపేది). అక్కడ తుప్పు పట్టగానే ఆంప్లిఫయర్ ఆగి ఆగి మోగుతుంది, లేదా ఇంజను వేగంతో పాటు పెరిగే కూత వినిపిస్తుంది. ఏడాదికోసారి, వీలైతే వానాకాలం ముగియగానే, ఆ బోల్టు విప్పి గరుకు కాగితంతో రేకు మెరిసేలా రుద్ది, బిగించి, పైన గ్రీజు రాయండి. ఆంప్లిఫయర్‌ను నేల మీద పెట్టవద్దు, బాక్సు మీద మరలతో బిగించవద్దు. మొదటిదానికి నీళ్లు, రెండోదానికి అదురు. సీటు వెనక పలక మీద నిలబెట్టడం మేలు. జూలై, ఆగస్టుల్లో గోదావరికి వరద ఉన్నప్పుడు ముంపు రోడ్ల మీదుగా వెళ్లక తప్పకపోతే బాక్సు ఇంట్లో దింపి వెళ్లండి.

సీఎన్‌జీ సిలిండర్ డిక్కీ అంతా ఆక్రమించింది. దారి లేదా?

సీటు కింద పట్టే పలుచటి పవర్డ్ సబ్‌వూఫర్ (ఆంప్లిఫయర్ లోపలే ఉండేది) ఉంది. సాధారణంగా 8 అంగుళాలది. లోతు తక్కువే, కానీ మీకు దగ్గరగా ఉంటుంది గనుక డోరు స్పీకర్లతో సమయం తేడా బాగా తగ్గి చక్కగా కలిసిపోతుంది. వయసు మళ్లినవాళ్లు ఎక్కువగా ప్రయాణించే బండ్లకు నేను దీన్నే మెచ్చుకుంటాను. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు ఉంటే అవి ఎయిర్‌బ్యాగు వైర్లవి. వాటిని పీకవద్దు, నలగనివ్వవద్దు. సిలిండరు పక్కన బాక్సు ఇరికించి వాల్వుకు చేయి వెళ్లే దారి మూయకండి. ఆ నేలలో మరలు దించకండి.

వైరింగులో కనీసం చూసుకోవాల్సింది ఏమిటి?

బ్యాటరీ నుంచి వచ్చే ఎర్ర వైరు మీద ఫ్యూజు బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. ఫ్యూజు కాపాడేది ఆంప్లిఫయర్‌ను కాదు, కారు పొడవునా పాకిన ఆ వైరును. నిజంగా 500 వాట్ల ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల శక్తి) ఇచ్చే క్లాస్ డీ ఆంప్లిఫయర్ పూర్తి శక్తితో మోగితే 45 ఆంపియర్ల దాకా లాగుతుంది, కాబట్టి రాగి వైరు 4 గేజ్ కన్నా సన్నగా ఉండకూడదు. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు చూపుకు ఒకేలా ఉంటుంది, పని ఒకేలా ఉండదు. కోసి చూస్తే లోపల తెల్లగా కనిపిస్తుంది.

రెండో సబ్‌వూఫర్ పెడితే?

శక్తి మాత్రమే రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. ఇంకో సబ్‌వూఫర్‌ను, దానికి అంతే శక్తితో, మొదటిదాని పక్కనే, అదే దిశలో చేరిస్తే 6. చెవికి రెట్టింపు పెద్దగా అనిపించాలంటే సుమారు 10 కావాలి. ఒకటి వెనక్కి, ఒకటి ముందుకు తిప్పి రెండు వైపులా పంచుదామనే ఆలోచన కారులో లాభం ఇవ్వదు, రెండింటి దూరాలూ వేరై ఒకదానికొకటి అడ్డుపడతాయి.

రాత్రిపూట ఊళ్లోంచి వెళ్తుంటే తిడుతున్నారు.

తిట్టడంలో న్యాయం ఉంది. లోతైన బేస్ గోడలు దాటి పోతుంది, పైస్వరాలు ఆగిపోతాయి, కాబట్టి బయటివాళ్లకు అందేది పాట కాదు, దడదడ మాత్రమే. శబ్ద కాలుష్య నిబంధనలు, 2000 ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు. కాలువ గట్టు పక్కనే ఇళ్లు వరుసగా ఉండే మన ఊళ్లలో అద్దాలు ఎత్తి, రిమోట్‌లో బేస్ మీట సగానికి దించితే మీ పాట మీకు ఉంటుంది. రేకులకు షీట్లు వేయించినవాళ్లకు బయటికి పోయేది ఇంకా తగ్గుతుంది.

సంక్రాంతికి డిక్కీ ఖాళీ చేయాలి. బాక్సు తీసి మళ్లీ పెట్టడం ఎలా?

బిగించేటప్పుడే బాక్సు వైరుకు ఊడదీసే ప్లగ్గు పెట్టించుకోండి. ముందు స్టీరియో ఆపి, తర్వాత ప్లగ్గు పీకండి. ఆంప్లిఫయర్ వైపు మిగిలిన కొసలు రేకుకు తగలకుండా టేపు చుట్టండి. వెతికి వెతికి పట్టుకున్న చోటు పోకుండా, బాక్సు నాలుగు మూలల దగ్గరా చాప మీద రంగు టేపుతో గుర్తు పెట్టుకోండి, కోను ఎటు చూస్తోందో బాణం గీయండి. అల్లుళ్లు, అరిసెల డబ్బాలు అన్నీ వెళ్లాక తిరిగి పెట్టేటప్పుడు ప్లస్, మైనస్ చూసి కలపండి. ప్లగ్గు లేకుండా విడి వైర్లు కలిపేవాళ్లు ఇక్కడే తారుమారు చేస్తారు. అలా జరిగితే సబ్‌వూఫర్ మామూలుగానే మోగుతుంది కానీ ఫేజ్ 180 డిగ్రీలు తిరిగిపోయి, డోరు స్పీకర్లతో కలిసే చోట బేస్ పడిపోతుంది. పండగ తర్వాత బేస్ తగ్గిందనిపిస్తే మెకానిక్‌కు ఫోను చేసే ముందు ఆ రెండు వైర్లు చూడండి.